వాడకట్టు పాడిన తాళంచెవి

మా తల్లిగారింట్లో ఫోన్‌కు తాళం పెట్టుకున్నవాళ్లను అదో రకంగా చూస్తారు. "ఏం దాసిపెట్టినవే అండ్ల?" అని అడుగుతారు. మాది కోరుట్ల. నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. పొద్దున తీసిన తలుపు మళ్లీ పడుకునేటప్పుడే వేసేవాళ్లం. ఏ చెంబు ఎవరిదో, ఏ చెప్పులు ఎవరివో పట్టించుకోకుండా పెరిగాం. అందుకే కొన్నేళ్ల కింద తమ్ముడు మొబైల్ షాపులో కూర్చుని ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే మెయిల్ ఐడి చేయించుకొస్తే, వాడి తెలివికి అందరం మురిసిపోయాం.

"అందరికి ఒక్కటే ఉంటే ఎవ్వలు మర్చిపోయినా ఇంకొగలకు యాదుంటది" అన్నాడు. నిజమే కదా అనిపించింది. అమ్మ ఫోన్లో, తమ్ముడి ఫోన్లో, మరదలి ఫోన్లో, పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన నా ఫోన్లో అదే ఐడి, అదే పాస్‌వర్డ్. జగిత్యాలలో ఉండే మా చెల్లె ఒక్కతే "మీకో దండం, నన్ను కలుపకుండ్రి" అని తప్పుకుంది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది కదా, పొగరనుకున్నాం.

ఆ తర్వాత నాకు జబ్బు చేసింది. చాటుమాటుగా చెప్పడం నాకు చేతకాదు. కుడి రొమ్ములో గడ్డ. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, అది మాటలా? చేసిన చేతులకు ఈ రోజుకీ మొక్కుతాను. కానీ ఆ ఆస్పత్రిలో నా ఒళ్లు ఊరుమ్మడి సొత్తు అయిపోయింది. పొద్దున ఒక డాక్టర్, వెనక చదువుకునే పిల్లల గుంపు, కట్టు మార్చేవాళ్లు, పరదా తీసేవాళ్లు, పరదా వేయడం మరిచేవాళ్లు. ఒకాయన నాతో ఒక్క మాట అనకుండా ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "సారూ, నాకు మొఖం గూడ ఉన్నది, ఒకసారి దిక్కు చూడుండ్రి" అన్నాను. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం చూడలేదు.

ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ ఒక పని అప్పజెప్పింది. కట్టు మార్చిన ప్రతిసారీ గాయం ఫోటో తీసి పంపాలి. పాతవి తీసేయొద్దు, తర్వాత వాపొచ్చినా ఎరుపెక్కినా పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొస్తాయంది. సరేనన్నాను. సిరిసిల్లలో మా ఇంటి వెనక గదిలో తలుపేసుకుని, ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని, నా ఫోటోలు నేనే తీసుకునేదాన్ని. తీసిన ప్రతిసారీ ఏడ్చేదాన్ని. అబద్ధమెందుకు.

మా ఆయన ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు. ముందుగదే ఆయన దుకాణం. సగం సిరిసిల్ల ఆడవాళ్లు ఆయన దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటారు. ఒకరి ముచ్చట ఇంకొకరి దగ్గర అన్న మనిషి కాదు. ఆస్పత్రిలో నాకు అన్నం తినిపించింది ఆయనే, వాంతులు ఎత్తిపోసింది ఆయనే. కానీ కట్టు మార్చుకునే వేళకు లేచి దుకాణంలోకి పోయేవాడు. చూపించమని ఒక్కసారి అడగలేదు. నేనూ చూపలేదు. చూడటానికి భయమేమో అనుకున్నాను. ఇంకొన్నాళ్లకు, భయం కాదు, అసహ్యమేమో అనుకున్నాను. ఆ మాట ఆయన్ని అడగాలంటే నాకు నోరు రాలేదు. లోకాన్నంతా కడిగేసే నోరు ఆ ఒక్క చోట పెగల్లేదు. మనసులో మాత్రం ఒకటి గట్టిగా పెట్టుకున్నాను. ఇక మీదట నేను చూడమంటే తప్ప ఈ ఒంటిని ఎవరూ చూడకూడదు.

కుట్లు ఆరుతున్న రోజుల్లో అమ్మ చూడాలంటే కోరుట్ల పోయాను. తమ్ముడు కొత్త టీవీ కొన్నాడు, గోడంత ఉంది. ముందుగదిలో అమ్మ, తమ్ముడు, మరదలు, పక్కింటి పెద్దమ్మ, ఆమె కొడుకు, అందరం చాయ్ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. కాసేపు రిమోట్ ముట్టుకోకపోతే టీవీ దానంతట అదే ఫోటోలు తిప్పడం మొదలుపెట్టింది.

"మన ఫోన్లల్ల ఫోటోలే అక్కా. అందరిది ఒక్కటే ఐడి గదా, సక్కగ టీవీలకే అస్తయి" అన్నాడు తమ్ముడు, గర్వంగా.

మరదలి తల్లిగారింటి పెళ్లి వచ్చింది. తమ్ముడి వడ్ల కుప్ప వచ్చింది. నేను బోయినపల్లి దగ్గర అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్ పిల్లలు వరుసగా కూర్చుని కోడిగుడ్లు తింటున్న ఫోటో వచ్చింది. "గా పోరడు చూడుండ్రి, బుగ్గల కుక్కుకుంటుండు" అని అమ్మ నవ్వింది. తర్వాత ఆస్పత్రి వరండా. తర్వాత మంచం మీద ఇడ్లీ ప్లేటు. ఆ ఇడ్లీ ప్లేటు తర్వాత నేనేం ఫోటో తీశానో నాకు తెలుసు.

ఎట్లా లేచానో తెలియదు. చాయ్ ఒలికింది. ఉరికిపోయి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాను.

"అక్కా! కొత్త టీవీ!" అని తమ్ముడు మొత్తుకున్నాడు.

"ఏమైందే బిడ్డా, పానం మంచిగలేదా?" అని అమ్మ లేచింది.

"కండ్లు గుంజుతున్నయే అవ్వా. జరసేపు బందువెట్టుండ్రి" అన్నాను. ప్లగ్గు మాత్రం చేతిలోంచి వదల్లేదు. అట్లాగే నిలబడి చెల్లెకు ఫోన్ చేసి, నసుగుతూ సంగతీ, ఆ ఉమ్మడి పాస్‌వర్డూ చెప్పాను. అది కాలేజీలో ఉన్నట్టుంది. మారు ప్రశ్న వేయలేదు. "నువ్వు ప్లగ్గు వెట్టనియ్యకు. నేను గిక్కడ్నుంచే గా టీవీల ఐడి తీసేస్త" అంది. తీసేశాక మళ్లీ ఫోన్ చేసింది. "అయిపోయింది అక్కా. ఇగ పెట్టుకోమను. నువ్వు రేపు నా దగ్గరికి రా."

చెల్లె మీద నాకున్న ప్రేమ ఎంతో ఆ రోజు తెలిసింది. చిన్నప్పుడు దాని జడ పట్టుకుని ఎన్నిసార్లు కొట్టానో తలుచుకుని సిగ్గుపడ్డాను.

మర్నాడు జగిత్యాలలో వాళ్ల వంటింట్లో కూర్చున్నాం. ముందు గాయం ఫోటోలను నా ఫోన్లోనే ఉంచి ఉమ్మడి ఐడిలోంచి నా చేతే తుడిపించి, ఆ ఐడి తీసేసి, నాకని వేరే ఐడి చేసింది. తర్వాత ఇంకేదో యాప్ ఎక్కించింది. ఫోటోలు దాచుకునేదట, గాయం ఫోటోలన్నీ అందులోకి మార్చుకోమంది.

"మల్ల ఏదో కంపెనీ దగ్గర్నే గదనే దాసుడు? ఆళ్లు చూడరా?" అన్నాను.

"మామూలు చోట్ల ఏమైతదంటే అక్కా, పెట్టె ఆళ్లది, తాళం ఆళ్లది, తాళంచెవి గూడ ఆళ్ల దగ్గరుంటది. నీకొక చెవి ఇస్తరు, గంతే. గిది గట్ల కాదు. నీ ఫోన్లనే తాళం వడ్తది. తాళం వడ్డ పెట్టెనే ఆళ్ల దగ్గరికి పోతది. చెవి నీ దగ్గర్నే ఉంటది. ఆళ్లు చూద్దామనుకున్నా ఏం కనవడది, అంత కలిపి ముద్ద చేసినట్టుంటది."

"ఎవలన్న అడిగితే? పోలీసోళ్లు, పెద్దోళ్లు?"

"ఎవలడిగినా గా ముద్దనే ఇయ్యాలె. ఆళ్ల దగ్గర అంతకుమించి లేదు."

"మరి నేను పాస్‌వర్డ్ మర్చిపోతే?"

"అయిపాయె. ఇగ ఎవ్వలు తియ్యలేరు. నేను గూడ తియ్యలేను. నీ ముచ్చట నీకే ఎరుక."

ఆ మాట విని నా గుండె దిగిన మాట నిజం. కానీ దిగులు కాదు, బరువు దిగింది. అయినా నేను ఒకరు చెబితే నమ్మే రకం కాదు. చిట్టీలవాడి దగ్గర్నుంచి పెద్దాస్పత్రి దాకా అందరూ మా దగ్గర మీ సంగతులు భద్రమనే చెబుతారు. సిరిసిల్లకు వచ్చాక ఆ కంపెనీని పరీక్ష పెడదామనిపించింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో వాళ్ల సహాయం విభాగానికి ఒక మెయిల్ రాశాను. అయ్యా, నేను ఆపరేషన్ అయిన దాన్ని, పాస్‌వర్డ్ మరిచిపోయాను, దయచేసి మీరే తెరిచి నా ఫోటోలు నాకు ఇవ్వండి అని. అంగన్‌వాడీలో రికార్డులు రాసీ రాసీ విన్నపాలు రాయడం నాకు బాగా వచ్చు. చదివితే రాయి కూడా కరగాలి.

కరగలేదు. జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. మీ తాళంచెవి మా దగ్గర లేదు, మేం తెరవలేం, తెరవగలిగేటట్టు మేం దాన్ని కట్టలేదు, క్షమించండి, మీ ఆరోగ్యం త్వరగా కుదుటపడాలి అని. నా జీవితంలో ఎవరైనా కాదంటే నేను సంతోషించడం అదే మొదలు. ఆ మెయిల్ మళ్లీ మళ్లీ చదివాను. ఏ దేశంలో కూర్చున్నాడో, ఆడో మగో, ఎవరో ఒక మనిషి నా ఒంటి గురించి "మాకు కనపడదు" అని రాశారు. వాళ్ల కడుపు చల్లగుండాలని మనసారా అనుకున్నాను. పరీక్ష పెట్టినందుకు సారీ అని మళ్లీ రాద్దామనుకుని, ఇంగ్లీషు చాలక ఊరుకున్నాను.

ఇక పాస్‌వర్డ్ సంగతి. పుట్టినరోజులు, పిల్లల పేర్లు పెట్టొద్దని, పొడుగ్గా ఉండాలని, ఎవరి ఊహకూ అందకుండా అర్థం పర్థం లేకుండా ఉండాలని చెల్లె చెప్పింది. పొడుగైంది నాకు గుర్తుండాలంటే పాటే దారి. మా సెంటర్‌లో పిల్లలకు అంకెలైనా కాయగూరలైనా పాట కట్టే నేర్పుతాను. బతుకమ్మ పాట వరసలో నేనే రెండు ముక్కలు కట్టాను.

పుంటికూర చేన్ల ఉయ్యాలో
ఒంటె నీళ్లు దాగె ఉయ్యాలో
మేనత్త చెవులకు ఉయ్యాలో
మిరపకాయ దిద్దు ఉయ్యాలో

ఉయ్యాలో తీసేసి మిగతాది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఇప్పుడు మార్చేశానులెండి, మీరెవరూ ప్రయత్నించకండి. యాప్ తెరిచిన ప్రతిసారీ ఈ ఒంటెను నీళ్ల దాకా నడిపించాల్సిందే. నోటితో అనకుండా నాకు అక్షరాలు పడవు. మాటనూ, దాని ఇంగ్లీషు అక్షరాలనూ గొణుక్కుంటూ ఒక్కొక్కటే ఒక్క వేలితో కొట్టేదాన్ని.

ఆ ఏడు బతుకమ్మ వచ్చింది. మందులకు నా జుట్టు పోయి మళ్లీ కొత్తగా మొలుస్తోంది. తిరిగి ఆడే సత్తువ లేదు. మా వాడకట్టు ఆడవాళ్లు కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టి, బతుకమ్మ చుట్టూ తిరిగినట్టే నా చుట్టూ కూడా తిరిగారు. వాళ్ల ప్రేమకు నా కళ్లల్లో నీళ్లు ఆగలేదు. ఒకావిడ పాడిపాడి గొంతు రాసుకుపోయి, "టీచరమ్మా, నువ్వు ఆడకుంటే ఆడకపోతివి, ఒక పాటన్న అందుకో" అంది. నేను సంతోషంలో ఉన్నాను. నోరు తెరిచాను. రోజూ నోట్లో నానే పాటే బయటికి వచ్చింది.

పుంటికూర చేన్ల ఉయ్యాలో అన్నాను. యాభై గొంతులు ఉయ్యాలో అని అందుకున్నాయి. ఒంటె నీళ్లు తాగేసరికి పకపకా నవ్వారు. నా నోరు టక్కున మూతపడింది గానీ, "తర్వాతేంది? తర్వాతేంది?" అని వెంటపడ్డారు. ఆపితే అనుమానమొస్తుందని మేనత్త చెవుల దిద్దులు కూడా పాడేశాను. ఇక చూడాలి! చప్పట్లు కొడుతూ వాడకట్టు వాడకట్టంతా నా తాళంచెవిని పట్టుకుని తిరిగింది. సద్దుల బతుకమ్మ దాకా ప్రతి సాయంత్రం అదే పాట. మరమగ్గాల మీద పనికి పోతూ పాడారు, నీళ్లు పడుతూ పాడారు. మా ఆయన కుట్టు మిషన్ తొక్కుతూ కూడా దాన్నే కూనిరాగం తీశాడు.

చెల్లెకు ఫోన్ చేసి చెబితే నవ్వి నవ్వి దానికి దగ్గొచ్చింది. "అక్కా, పాస్‌వర్డ్ చీటిమీద రాసి పోగొట్టుకున్నోళ్లను చూసిన గని, మైకు వెట్టి పాడినోళ్లను చూడలే!" అంది. వెంటనే మార్చెయ్యమంది. మారుస్తానన్నాను. కానీ అది పాస్‌వర్డ్ అని ఎవరికి తెలుసు? ఒంటె సంగతే వాళ్లకు తెలుసు గానీ పెట్టె సంగతి తెలియదు కదా. పైగా అంతమంది సంబరంగా పాడిన మాటల్ని తీసేయడానికి మనసొప్పలేదు. రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కుడి చెయ్యి వాచింది. ఆ పక్క ఆపరేషన్ అయినవాళ్లకు అట్లా అవుతుందట. అప్పుడు నాకు తెలియదు. వేళ్లు కట్టెల్లా బిగుసుకున్నాయి, భుజం సలుపుతోంది, జబ్బు తిరగబెట్టిందేమోనని ప్రాణాలు ఎగిరిపోయాయి. మా ఆయన హైదరాబాద్‌కు ఫోన్ కలిపాడు. ఇప్పటి ఫోటో ఒకటి, గాయం మానినప్పటి ఫోటో ఒకటి వెంటనే పంపమన్నారు. ఇప్పటిది వెనక గదిలోకి పోయి తీయగలిగాను. పాతది కావాలంటే యాప్ తెరవాలి. ఎడమ చేత్తో కొడుతుంటే అక్షరాలు తప్పుతున్నాయి. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పింది. ఏడుపొచ్చింది.

"ఇటియ్యి" అన్నాడు ఆయన. ఇచ్చాను, ఫోన్ పాడైందేమో చూస్తాడని. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, తాపీగా, ఒక్క అక్షరం తప్పకుండా ఒంటెను, మేనత్తను, మిరపకాయను కొట్టేశాడు. తెరుచుకుంది. తెరుచుకోగానే ఫోన్ బోర్లించి నా చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు.

నేను ముందు ఫోటోలు పంపాను. అక్కడివాళ్లు చూసి, భయం లేదు, నీరు పట్టింది, చేతి కింద దిండు పెట్టుకొమ్మని, ఫలానా కసరత్తు చేయమని చెప్పారు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అప్పుడు అడిగాను.

"నీకెట్ల తెల్సు గది?"

"బతుకమ్మకు ముందునుంచే తెల్సు. నువ్వు ఫోను పట్టుకున్నప్పుడల్ల గొణుగుతనే ఉంటివి. చెవులు మూసుకొని కుట్టాల్నా నేను?"

"మరి తెరిచి చూసినవా?"

"నువ్వు సూపెట్టలేదు గద" అన్నాడు.

అంతే అన్నాడు. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అన్నాడు. నేను మంచం మీద కూలబడ్డాను. ఆ కంపెనీవాళ్లు చూడలేరు కాబట్టి చూడలేదు, అందుకు వాళ్లకు రుణపడ్డాను. ఈ మనిషి చేతిలో ఫోన్ ఉంది, నోట్లో తాళంచెవి ఉంది, రోజుల తరబడి నేను నిద్రపోతుంటే పక్కనే ఉన్నాడు. తెరవలేదు. నేను దాన్ని పట్టుకుని అసహ్యమని పేరు పెట్టుకుని కుమిలిపోయాను.

"నీకు అసహ్యమైతున్నదనుకున్న" అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. మెత్తటి మనిషి, కోపం రావడం నేను చూసిందే తక్కువ. "నాకేం అసహ్యమే? ఆస్పత్రిల వచ్చినోడు పోయినోడు నిన్ను చూస్తుంటే నువ్వు పండ్లు బిగవట్టుకున్నవు. ఇంటికచ్చి తలుపేస్కుంటివి. వేస్కున్న తలుపు నేను నూకాల్నా?"

నేను ఫోన్ తిప్పి ఆయన వైపు చాపాను. "చూడు" అన్నాను.

అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. కిటికీ వెలుతురుకు జరిగాడు. మొదటిది చూశాడు, ఆ తర్వాతది చూశాడు, తొందర పడకుండా అన్నీ చూశాడు. అయ్యో అనలేదు. వేలితో తెర మీద ఆ గీత వెంట నెమ్మదిగా పోయాడు.

"కుట్టు సాఫ్ వడ్డది" అన్నాడు. "యాడ గూడ గుంజలే. ఎవ్వలు కుట్టిండ్లో గని చెయ్యి మంచిది."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. ఆయన కూడా ఏడ్చాడు. ఇద్దరం ముక్కులు చీదుకున్నాం.

పెళ్లయినప్పటి నుంచి నా జాకెట్లన్నీ ఆయనే కుట్టాడు. ఎప్పుడూ టేపు పెట్టింది లేదు, పాత జాకెట్టు ఒకటి ముందేసుకుని దాని ఆదిగానే కత్తిరించేవాడు. ఆపరేషన్ అయ్యాక ఆ పాతవేవీ నాకు పనికిరాలేదు. వదులు కుర్తాలు వేసుకుని తిరుగుతున్నాను. కొత్తది కుట్టమని నేను అడగలేదు, కుడతానని ఆయనా అనలేదు.

ఆయన ముఖం తుడుచుకుని లేచాడు. మెడలో వేలాడే టేపు తీసి చేతిలోకి తీసుకున్నాడు. నా ముందుకొచ్చి ఆగాడు, ముట్టుకోలేదు.

"కొలత తీస్కోవాల్నా?" అని అడిగాడు.

"తీస్కో" అన్నాను. వాచిన చెయ్యి ఎంత మేర లేస్తే అంత మేర లేపాను.